మా అత్త బల్ల దగ్గరికి రాని నెలలు

మా చర్చిలో నెలకొకసారి, మొదటి ఆదివారం, ప్రభు సంస్కారం ఇస్తారు. రొట్టె ముక్క, కాస్త ద్రాక్షరసం. మేం దాన్ని మామూలుగా బల్ల అంటాం. ఒప్పుకోలు ప్రార్థన అయ్యాక ఒక్కో వరుసా లేచి ముందుకు పోయి, పీఠం ముందున్న కొయ్య కమ్మీ దగ్గర మోకాళ్లూని చేతులు చాపాలి. లేవని మనిషి ఎవరన్నది వెనక వరుస దాకా కనిపిస్తుంది. మనసులో మచ్చ ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరితోనైనా మాటల్లేనివాళ్లు లేవకూడదని మా పెద్దల పట్టింపు. అందుకని లేవని మనిషి ఇల్లు చేరేలోపే ఆ మనిషి గురించి నాలుగు కథలు ఊరంతా తిరిగి వస్తాయి.

ఈమధ్య కొన్ని నెలలపాటు మా అత్త లేవలేదు. జమ్మలమడుగు బళ్లో టీచరుగా చేసిన ఆమె దగ్గర చదువుకోని ఇల్లు మా పేటలో లేదు. స్త్రీల సమాజానికి ఆమే పెద్ద. అలాంటి మనిషి కొంగు తలమీద కప్పుకుని, కళ్లు మూసుకుని, వరుసంతా ఖాళీ అయ్యాక ఒంటరిగా కూర్చునుండటం అందరూ చూశారు. కారణం మా ఇంట్లో కంప్యూటర్. ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. తెలిసీ నోరు విప్పలేదు.

అత్త అంటే నాకు మేనత్తే, మా నాన్నకు అక్క. చిన్నప్పుడు నాకు ఎక్కాలు నేర్పింది ఆమే. తర్వాత వాళ్లబ్బాయినే చేసుకున్నాను కాబట్టి కొత్తగా భయపడాల్సిన పని లేకపోయింది, పాత భయమే సరిపోయింది. మా ఆయనకు పులివెందులలో ఉద్యోగం, అక్కడే గది తీసుకున్నాడు, శనివారం సాయంత్రం బస్సు దిగుతాడు. నేను ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచర్‌ని. రోజూ పోయిరావడమే. కంప్యూటర్ టీచర్ అన్న మాట గుర్తుపెట్టుకోండి, నా సిగ్గులో సగం దానిదే.

అత్త రిటైరయ్యాక తెలుగులో టైపు చేయడం నేర్చుకుంది. ముందు ఒక వేలితో, తర్వాత రెండు వేళ్లతో. అంతకు మించి వేళ్లు అక్కర్లేదని తేల్చేసింది. స్త్రీల సమాజంలో పాడే పాటలన్నీ కొట్టి, పెద్దక్షరాల్లో ప్రింటు తీయించి, కళ్లు సరిగా కనపడని ముసలమ్మలకు పంచేది. ఒక్క ఒత్తు తప్పు పోనిచ్చేది కాదు. ఆ పాటల కాగితాలు పట్టుకుని ఆమె ఇల్లిల్లూ తిరుగుతుంటే పక్కన నేను కూడా కొంచెం ఎత్తు పెరిగినట్లు ఉండేది, ఎందుకంటే నేర్పింది నేను.

ఆ కంప్యూటర్ మా ఆయన బిల్లుతో, పెట్టెతో, అన్నీ సక్రమంగా కొన్నదే. సీపీయూ డబ్బా పక్కన కంపెనీవాళ్ల రంగుల స్టిక్కర్ ఒకటి ఉండేది. దానిమీద ఐదైదు అక్షరాల గుంపులుగా విండోస్ కీ ఉండేది. ఎప్పుడైనా విండోస్ మళ్లీ ఎక్కించాల్సి వస్తే ఆ కీ కొడితేనే అది మనదని ఒప్పుకుంటుంది. నేను పిల్లలకు ఈ పాఠం చెప్తాను, బోర్డుమీద బొమ్మ వేసి మరీ. ఇంట్లో మాత్రం ఆ కీని ఎక్కడా రాసుకోలేదు. స్టిక్కర్ యాడికి పోతుందిలే అనుకున్నాను.

మా చర్చిలో కొత్త సంవత్సరం ఆరాధనకు వాగ్దానం కార్డులు పంచుతారు. పువ్వుల బొమ్మ, మీద ఒక వాక్యం. ఎవరి చేతికి ఏది వస్తే ఏడాదంతా వాళ్లకదే. ఇంటి పేరున కూడా ఒకటి తీసుకుంటారు. మా అత్త ఆ ఇంటి వాగ్దానాన్ని తలుపుకు అంటించేది. కంప్యూటర్ వచ్చిన ఏడాది నుంచి దానికీ ఒకటి అడిగి తెచ్చేది. మైదాపిండి ఉడికించి, బంక చేసి, డబ్బా పక్కన అంటించేది. ఆ రంగుల స్టిక్కర్ ఆమెకు అడ్డంగా, అసహ్యంగా కనిపించింది, సరిగ్గా దానిమీదే అంటించింది. మరుసటేడు కార్డు దానిమీద, ఆ మరుసటేడుది దానిమీద. నేను చూస్తూనే ఉన్నాను. అత్త అంటించే వాక్యాన్ని పక్కకు జరపమని చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఒక ఎండాకాలం కరెంటు పోతూ వస్తూ, పోతూ వస్తూ, చివరికి హార్డ్ డిస్క్‌ను పట్టుకుపోయింది. అత్త పాటలు పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి కాబట్టి ప్రాణం లేచొచ్చింది. కొత్త డిస్క్ వేయించాలి, విండోస్ మళ్లీ ఎక్కించాలి, కీ కావాలి. వేడినీళ్లలో గుడ్డ ముంచి కార్డులమీద అద్దుతూ ఒక్కొక్కటే ఊడదీశాను. చిట్టచివరి కార్డుతోపాటు కంపెనీ స్టిక్కర్ పైపొర కూడా లేచొచ్చేసింది. అక్షరాలు కార్డు వెనకవైపు తిరగబడి అంటుకున్నాయి, అవీ సగం సగం. అద్దం ముందు పట్టి చదవడానికి చూశాను. అది ఎనిమిది అంకెనో, బీ అక్షరమో తేలలేదు, ఒక గుంపు మొత్తం బంకలో కరిగిపోయింది. పక్కన నిలబడిన అత్త ఆ తడి కార్డులను ఎండలో ఆరబెడుతూ కూర్చుంది.

డబ్బా తీసుకుని ప్రొద్దుటూరులో ఒక అంగడికి పోయాను. కీ పోయిందని చెప్పాను. అంగడాయన నవ్వాడు.

"కీ ఏందికి మేడం? మాది వేసిస్తా. అడగదు, పెట్టదు. అందరికీ అదే."

అప్పుడు నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. అది నేను ఏటా ఎనిమిదో తరగతికి చెప్పే మాట. చెప్పలేదు. ఎండ, బస్సుకు టైమయింది, నాకు రేపు స్కూలుంది. సరే వేసేయండి అన్నాను. నిజం చెప్పాలంటే అక్కడ నాకు సిగ్గు కూడా వేయలేదు. మా స్కూలు ల్యాబులో ఉన్నవన్నీ అలాంటివే. ఏ ఇంటికి పోయినా అలాంటిదే. దాన్ని దొంగతనం అనుకునే అలవాటే మాకెవ్వరికీ లేదు.

కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒకరోజు స్కూలునుంచి వచ్చేసరికి అత్త కంప్యూటర్ ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తెరమీది బొమ్మ పోయి అంతా నల్లగా అయింది. కుడిపక్క మూలన ఇంగ్లీషులో చిన్న అక్షరాలు.

"పాపా, ఇట్లరా. ఇదేందో రాసుండాది చూడు."

"ఏం కాదత్తా. అట్ల వస్తాంటాది."

"అసలుది కాదు అంటాంది గదా. నాకు ఆ మాత్రం ఇంగ్లీషు రాదనుకున్యావా?"

"అంటే... అంగడాయప్ప కొననిది వేసినాడు. అందరిండ్లల్లో అదే ఉంటాది."

"కొననిది అంటే?"

"కొననిదే."

"దొంగది అను," అంది అత్త. కోపం లేకుండా, పలకమీద తప్పు దిద్దినట్లు.

నేను కాళ్లూ చేతులూ కడుక్కునే నెపంతో పెరట్లోకి పోయాను. తిరిగొచ్చేసరికి కంప్యూటర్ ఆపేసి దానిమీద గుడ్డ కప్పింది. ఆ వచ్చే మొదటి ఆదివారం ఆమె బల్లకు లేవలేదు. నేను లేచాను, ఆమె మోకాళ్లు దాటుకుని ముందుకు పోయాను. ఆమెకు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నానని ఇక్కడ రాయొచ్చు, కానీ అది అబద్ధం. నాకు అప్పుడే తెలుసు.

ఇంటికొచ్చి అడిగితే ఒక్క మాటే చెప్పింది.

"దాన్లో నేను దేవుని పాటలు కొట్టినా పాపా. శానా కొట్టినా. తెలీక కొట్టింది వేరే. తెలిసినంక ఎట్ల పోతా?"

"చేసింది నేను గదత్తా. నీకేం?"

"నువ్వు నా ఇంట్లో మనిషివి గదా."

నాకు ఒళ్లు మండింది. ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా అనిపించింది. తప్పు చేసినవాళ్లకు కోపం ముందొస్తుంది, సిగ్గు తర్వాత తీరిగ్గా వస్తుంది. ఆ కోపంలోనే ఫోన్‌లో వెతికితే ఎవరో కీలు అమ్ముతున్నారు. అసలు ధర ముందు దీని ధర చూస్తే నవ్వొస్తుంది. అంత చవగ్గా ఎందుకిస్తున్నారని నేను అడుక్కోలేదు. ఒకటి కొని కొట్టాను, తీసుకుంది. మూలన అక్షరాలు మాయమయ్యాయి. నల్లతెర పోయి పువ్వుల బొమ్మ వచ్చింది.

"ఇప్పుడు మనదేనా?" అంది అత్త.

"మనదే."

"కొన్నదేనా?"

"కొన్నదే." ఆ మాటవరకు నిజమే.

మరుసటి నెల అత్త తెల్లచీర కట్టుకుని బల్లకు లేచింది. తిరిగొచ్చి నా పక్కన కూర్చున్నప్పుడు ఆమె ముఖం నాకిప్పటికీ కళ్లముందు ఉంది. మూడు వారాలు తిరక్కుండానే ఆ అక్షరాలు మళ్లీ వచ్చాయి. అదే కీని ఎంతోమందికి అమ్మారు, కంపెనీ దాన్ని ఆపేసింది. ఆ ముక్క అత్తకు నేనే చెప్పాల్సి వచ్చింది. ఆమె విని, "అంటే మొన్న నేను దాంతోనే పోయి చేతులు చాపినానా," అంది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే ఆ రాత్రి నాకు అన్నం సహించేది.

ఇక ఆమె మళ్లీ లేవలేదు. చర్చిలో చూపులు మొదలయ్యాయి. బల్లకు లేచి, మళ్లీ మానేసిన మనిషంటే ఇంట్లో ఏదో గట్టిదే జరిగుండాలి. ఇంట్లో ఎవరున్నారు? కొడుకు పులివెందులలో. మిగిలింది కోడలు. ఒకరోజు ప్రొద్దుటూరు బస్సులో మా చర్చికి వచ్చే ఒకామె నా పక్కన సీటు పట్టుకుని కూర్చుంది.

"ఏమ్మే టీచరమ్మా, మీ అత్తను ఏమంటివి నువ్వు?"

"నేనేమంటానక్కా?"

"అనకపోతే అంత పెద్దమనిషి బల్ల మానుకుంటాదా? మాకేం గానీ, వయసైన మనిషి. కొంచెం సర్దుకుని పోవల్ల."

చెప్పేయొచ్చు. కంప్యూటర్‌లో కీ లేదు, అంతే అక్కా అంటే సరిపోయేది. ఆమె నవ్వి ఊరుకునేది. కానీ నేను సర్దుకుంటాలే అన్నాను. బస్సు దిగేదాకా ఆమె నాకు సంసారం ఎలా చేయాలో చెప్పింది. నేను తల ఊపుతూనే ఉన్నాను.

ఎందుకు చెప్పలేదంటే, మా చర్చిలో కూడా ఒక కంప్యూటర్ ఉంది. ఎవరో వాడేసి ఇచ్చిన ల్యాప్‌టాప్. ఆదివారం పాటలు, సంస్కారపు ప్రార్థనలు దాన్నుంచే గోడమీద పడతాయి. అది మొరాయిస్తే బాగుచేయమని మా పాస్టరు అయ్యగారు నాకే ఇచ్చారు. మళ్లీ అవసరమైతే ఉంటుందని ప్రొద్దుటూరు అంగడాయన ఆ కొనని విండోస్ వేసిచ్చిన పెన్‌డ్రైవ్ అప్పుడు నా సంచిలోనే ఉంది. అదే ఎక్కించాను. అక్కడ అది గట్టిగా కూర్చుంది, మూలన ఏ అక్షరాలూ రాలేదు. అందరూ మెచ్చుకున్నారు, నాకు కొత్త చీర కూడా పెట్టారు. మా ఇంటి సంగతి బయటపెడితే రెండో ప్రశ్న దానిగురించే వస్తుంది. గయ్యాళి కోడలు అనిపించుకోవడం నయం అనుకున్నాను. రాస్తుంటే చెయ్యి వెనక్కి పోతోంది, కానీ అనుకున్నది అదే.

ఒక సాయంత్రం అయ్యగారే మా ఇంటికి వచ్చారు. కుర్చీ వేసి, టీ ఇచ్చి, నేను లోపలికి పోబోతుంటే ఆపారు. మమ్మల్నిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. అత్తాకోడళ్లు ఒకే కప్పు కింద ఎలా ఉండాలో మెత్తగా, ఓపిగ్గా చెప్పారు. అత్త తల దించుకుని వింటోంది. నడుమ నడుమ తలెత్తి నావైపు చూస్తోంది. నేను చెప్తానని చూస్తోంది. తను చెప్తే కోడలి తప్పు బయట పెట్టినట్లవుతుందని ఆగింది. ఇదంతా నాకు అర్థమవుతూనే ఉంది.

"ఒకరి చేతులు ఒకరు పట్టుకోండమ్మా," అన్నారు అయ్యగారు.

పట్టుకున్నాం. ఆమె చెయ్యి చల్లగా ఉంది. మా మధ్య ఉన్న కోపాన్ని తీసివేయమని ఆయన చాలాసేపు ప్రార్థన చేశారు. లేని కోపం అది. ఆమేన్ అన్నాను, బాగా గట్టిగానే. ఆయన పోయాక అత్త టీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. ఆ రోజు మేమిద్దరం నిజంగానే మాట్లాడుకోలేదు.

ఆ శనివారం మా ఆయన వచ్చినప్పుడు విషయం చెప్పాను. మా ఇంటి సంగతి మాత్రమే, చర్చిది కాదు.

"దీనికోసరమా మాయమ్మ బల్ల మానుకునింది? ముందే చెప్పింటే తెచ్చేవాన్ని గదా."

మరుసటి వారం పులివెందులలో ఆఫీసులకు సామాను ఇచ్చే అంగడిలో అసలు విండోస్ పెట్టె కొని, బిల్లుతో తెచ్చాడు. అంత తేలిక పని. డిస్క్ మొత్తం తుడిచి మళ్లీ ఎక్కిస్తుంటే అత్త స్టూలు వేసుకుని పక్కనే కూర్చుంది. కీ నేను కొడుతుంటే ఆమె ఒక్కో అక్షరం పెట్టెమీద వేలుపెట్టి పైకి చదివింది. అయిందని తెరమీద వచ్చాక, "బిల్లు చూపీ," అని అడిగి, కళ్లద్దాలు పెట్టుకుని చదివి, బీరువాలో పెట్టింది. ఆ మరుసటి రోజే మొదటి ఆదివారం.

ప్రసంగానికి ముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. ఎవరికైనా దేవుడు చేసిన మేలు చెప్పాలనుంటే లేచి చెప్తారు. అత్త లేచింది. నాకు చెప్పలేదు, మా ఆయనకూ చెప్పలేదు.

"నా కోడలికీ నాకూ ఏ తగువూ లేదు. మీరందరూ అనుకునేది తప్పు. ఆ పాప మీద మాట పడతాంటే నేను గమ్మునుంటి, అది నా తప్పు. మా ఇంట్లో కంప్యూటర్లో కొననిది ఉన్నింది. దాన్లో నేను దేవుని పాటలు కొట్టినా. ఆ చేతులతో రొట్టె ముట్టను నాకు మనసొప్పలేదు. నిన్న అసలుది తెచ్చి వేసినారు. ఈపొద్దు నేను బల్లకు వస్తాండా. అంతే నేను చెప్పల్సింది."

ఒక్క నిమిషం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వులు మొదలయ్యాయి. చెడ్డ నవ్వులు కావు. ఇంతేనా, ఇంతకేనా అన్న నవ్వులు. మగవాళ్ల వైపునుంచి ఒకాయన, "అట్లైతే మాలో ఒక్కరు గూడా బల్లకు పోను పనికిరాము లేక్కా," అన్నాడు. బస్సులో నాకు సుద్దులు చెప్పినామె వెనక్కి తిరిగి నా భుజం నిమిరింది. అయ్యగారు కూడా నవ్వుతూ మైకు దగ్గరికి వచ్చారు.

"ఇంత సున్నితమైన మనస్సాక్షి మనందరికీ ఉండాలి. మన చర్చి కంప్యూటర్ విషయంలో మాత్రం మనకు ఆ దిగులు లేదు. దాన్ని మన టీచరమ్మే తన చేతులతో చేసి పెట్టింది."

చప్పట్లు కొట్టారు. గోడమీద పెద్దక్షరాల్లో తర్వాత పాడాల్సిన పాట పడి ఉంది. నేను దాన్ని చూడలేదు, ఒళ్లో ఉన్న చేతులు చూసుకున్నాను. నేలలోకి దిగిపోవాలనిపించడం అంటే ఏంటో ఆ పూట తెలిసింది. అత్త మురిపెంగా నావైపు తిరిగింది. తిరిగి, అలాగే చూస్తుండిపోయింది. ఆమె ఒక జీవితకాలం పిల్లల ముఖాలు చదివిన మనిషి. ఆమె ముఖంలో నవ్వు మెల్లగా పోయింది.

ప్రసంగం ఏం చెప్పారో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. ఒప్పుకోలు ప్రార్థన అయింది. ముందు వరుసలు లేచాయి, వచ్చాయి. మా వరుస వంతు వచ్చింది. అత్త కొంగు తలమీదికి లాక్కుని లేచి నిలబడింది. నేను లేవలేదు.

"నువ్వు పో అత్తా," అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

ఆమె నిలబడే ఉంది. అన్ని నెలలు ఎదురుచూసిన బల్ల అక్కడ, నాలుగడుగుల దూరంలో ఉంది. అప్పటికే అందరూ ఆమె కోసమే చూస్తున్నారు. మా వరుసలో చివరనున్న ఆమె దారి వదిలి, "రాక్కా, ఇంకేమి?" అంది.

అత్త నా పక్కన మళ్లీ కూర్చుంది.

"మోకాళ్లు నొస్తాండాయి. వంగలేను. మీరు పోండి," అంది, అందరికీ వినపడేట్టు.

ఆ ఉదయమే ఆమె నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని పాటల కాగితాలన్నీ వరస పెట్టింది. మోకాళ్లకు ఏమీ లేదు. నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఆమె నోట నేను విన్న అబద్ధం అదొక్కటే.